గాజు తీసిన ఎండ

మొదట్లో ఆమె దగ్గర ఉన్నది పదకొండు.

ల్యాబ్ నుంచి వచ్చిన కాగితంలో డి విటమిన్ అన్న చోట ఆ అంకె ఉంది. కనీసం ముప్పై ఉండాలని పక్కనే చిన్న అక్షరాల్లో వేశారు. ముప్పైలోంచి పదకొండు పోతే పందొమ్మిది. ఆ పందొమ్మిది ఎక్కణ్ణుంచి తేవాలా అనుకుంటూ ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెన్సిళ్ళ డబ్బా కింద దూర్చి, మళ్ళీ రంపం అందుకుంది. ఎనిమిదయ్యేలోపు నాలుగు కర్రలకి మూల కోతలు కోయాలి.

బిల్డింగ్‌లో ఆమెని అందరూ లెక్కలమ్మాయి అంటారు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కరెంటు బిల్లు కూడా తాతయ్య పేరు మీదే వస్తుంది. కింది అంతస్తులో వీధి వైపు తాతయ్య ఫోటో ఫ్రేముల షాపు, దాని వెనక రంపం గది, దాని వెనక వాళ్ళ రెండు గదుల ఇల్లు. షాపులో ముందు బల్ల దగ్గర తాతయ్య కూర్చుంటాడు. రంపం గదిలో ఆమె ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు. కర్ర చూస్తే ఎన్ని ఫ్రేములొస్తాయో, ఎంత పొట్టు రాలుతుందో నోటితోనే చెప్పేస్తుంది.

సరిగ్గా ఎనిమిదికి మోత అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెట్లు తుడవడం, నీళ్ళ మోటారు వెయ్యడం, ఎవరింటి తాళం వాళ్ళకివ్వడం, అన్నీ ఆవిడే చూసుకుంటుంది.

"ముందు టీ ఇస్తావా, ఎండ ఇస్తావా?" అంది.

"టీ అయిపోయిందత్తా. ఎండ తీసుకెళ్ళు."

"నీకెప్పుడూ నాకు అక్కర్లేనిదే మిగుల్తుంది," అంటూ మోత అత్త గోడ మీది మేకు నుంచి ఫ్రేము దించి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కింది.

ఆ ఫ్రేములో ఉన్నది ఆ బిల్డింగ్ వాటాకి మిగిలిన ఎండ. అడుగున్నర వెడల్పు, రెండడుగుల పొడవు, కిటికీలోంచి ఏటవాలుగా పడిన ఎండ కాబట్టి ఒక పక్కకి కొంచెం ఒరిగి ఉంటుంది.

ఇరవై నాలుగేళ్ళ క్రితం ఆ బిల్డింగ్‌కి అటూ ఇటూ రెండు పెద్ద బిల్డింగులు లేచాయి. అవి ఒక్కో అంతస్తు లేచినకొద్దీ ఇక్కడ ఒక్కో గదిలోంచి ఎండ వెళ్ళిపోయింది. ముందు వంటగదుల్లోంచి, తర్వాత వరండాల్లోంచి. డాబా మీద చూద్దామంటే మధ్యాహ్నానికి కూడా ఒక పక్కది తప్పుకునేసరికి ఇంకో పక్కది అడ్డం వచ్చేది. చివరికి మూడో అంతస్తు మెట్ల మలుపులో, గోడ మీద ఒక్క ముక్క మిగిలింది. ఆ రోజు తాతయ్య పైన ఎవరింట్లోనో కిటికీ అద్దం బిగించి, అద్దం అంచులకి పూసే మక్కు గీకే రేకు చేతిలో పట్టుకుని కిందికి దిగుతున్నాడు. పాత అద్దానికి అంటుకుపోయిన ఫోటోని చిరక్కుండా ఊడదీయడం ఆయనకి చిన్నప్పట్నుంచీ అలవాటైన పని. అదే రేకుతో ఒక్కో అంచే లేపుకుంటూ ఎండని గోడ మీంచి తీశాడు. కిందికి తెచ్చి, వెనక అట్ట పెట్టి, పైన నాలుగు మిల్లీమీటర్ల గాజు వేసి, మేకులు కొట్టాడు.

ఎలా తీశావని ఎవరూ అడగలేదు. ఎవరింట్లో పెడతావని మాత్రం పన్నెండు ఇళ్ళవాళ్ళూ అడిగారు. పదేళ్ళపాటు ఆ గొడవే నడిచింది. ఆ గొడవ తీర్చింది లెక్కలమ్మాయి, పన్నెండేళ్ళప్పుడు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఫ్రేములో వెలుతురుంటుంది, అంటే ఆరు వందల నిమిషాలు. ఇంటికి నలభై ఆరు చొప్పున ఐదు వందల యాభై రెండు. ఇంటి నుంచి ఇంటికి మోతకి రెండేసి నిమిషాల చొప్పున ఇరవై నాలుగు. మిగిలిన ఇరవై నాలుగూ మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై ఆరు నుంచి రెండు దాకా, గాజు తుడవడానికి. పట్టిక రాసి మెట్ల దగ్గర అంటించింది. అందరూ మంచి వేళలు తీసుకోగా మిగిలిన ఆఖరి వంతు, సాయంత్రం ఐదూ పన్నెండుది, తమ ఇంటికి పెట్టుకుంది.

ఆ పద్నాలుగేళ్ళలో పట్టిక ఒక్కరోజు కూడా తప్పలేదు. చంటిపిల్లల్ని దాని ముందు పడుకోబెట్టారు, తడి బూట్లు ఆరబెట్టారు. రెండో అంతస్తు మాస్టారు తొమ్మిదీ ముప్పై ఆరుకి తన వంతు రాగానే పేపరు దాని కిందే చదివేవారు. బిల్డింగ్ వాళ్ళంతా బజారులో కూడా మాకు ఎండకి లోటు లేదని చెప్పుకునేవారు.

ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి ఆమెని లాక్కెళ్ళింది అమ్మ. స్కూలు ఆఫీసులో పనిచేసే అమ్మకి సెలవు దొరకడం కష్టం. దొరికిన ఒక్కరోజూ కూతుర్ని రిక్షా ఎక్కించేసింది.

"ఎన్ని రోజులైందమ్మా నెలసరి వచ్చి?" అంది డాక్టరమ్మ.

"తొంభై ఏడు."

"సుమారుగా చెప్పినా చాలు."

"సుమారుగా అయితే మూడు నెలల వారం. కానీ తొంభై ఏడే మేడమ్."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఆ మాస్కు తీయి ఒకసారి."

రంపపు పొట్టు ముక్కులోకి పోకుండా పెట్టుకునే మాస్కు అది. రంపం ఆగిపోయినా రెండేళ్ళుగా ఆమె దాన్ని తీయడం మానేసింది. గడ్డం కింద, దవడ పక్కన వెంట్రుకలు మొలవడం మొదలైన దగ్గర్నుంచీ. ఒకసారి షాపుకొచ్చిన కుర్రాళ్ళిద్దరు ఆమె వంక చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఆ రోజు నుంచి ముందు బల్ల దగ్గరికి రావడమూ మానేసింది, వీధిలోకి వెళ్ళడమూ మానేసింది.

డాక్టరమ్మ చూసింది, మళ్ళీ పెట్టుకోమనలేదు, వద్దనలేదు. "దీన్ని పీసీఓఎస్ అంటారు. పదిమంది ఆడవాళ్ళలో ఒకరికి ఉంటుంది. గుడ్డు సమయానికి విడుదల కాదు, అందుకే నెలలు తప్పుతాయి, వెంట్రుకలు, బరువు, నీరసం అన్నీ వస్తాయి. నువ్వు చేసిన తప్పేం లేదు. ఒక్క మందుతో పోయేదీ కాదు, కూర్చుని ఏడవాల్సిందీ కాదు. ఇది ఉన్న చాలామందికి డి విటమిన్ కూడా తక్కువుంటుంది. నీకు మరీ తక్కువ. అది నింపుకుంటే ఒంటికి కాస్త ఆసరా. వారానికో గుళిక వేసుకో. రోజూ అరగంట నడు. ఎండలో ఉండు."

"ఎండ మా ఇంట్లోనే ఉంది మేడమ్. ఇక గుళికలెందుకు?"

"ఇంట్లో ఉందా? సరే, నెల రోజులు చూడు. నెల తర్వాత మాత్రం నాతో వాదించకూడదు."

"నడక రంపం గదిలో నడుస్తా. గోడ నుంచి గోడకి పద్నాలుగు అడుగులు. నూట యాభైసార్లు తిరిగితే..."

"వీధిలో నడవమ్మా తల్లీ," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమె విననట్టే లేచొచ్చేసింది.

నాలుగో అంతస్తులో కొత్త దంపతులిద్దరూ పగలంతా ఉద్యోగాలకి పోతారు. వాళ్ళ వంతు సరిగ్గా పన్నెండింటికి. వాళ్ళ పెళ్ళిఫోటోకి ఉత్తినే ఫ్రేము కట్టిస్తానని ఒప్పించి ఆ నలభై ఆరు నిమిషాలూ తన పేరు మీదికి మార్చుకుంది. అదీ, తమ ఆఖరి వంతూ కలిపి రోజుకి తొంభై రెండు. నెలకి రెండు వేల ఏడు వందల అరవై నిమిషాలు. రంపం గదిలో ఫ్రేముని బల్ల మీద ఆనించి, కుర్తా చేతులు భుజాల దాకా మడిచి, పనంతా దాని ముందు కూర్చునే చేసింది. వెచ్చగా ఉండేది. పందొమ్మిది వచ్చి తీరుతుందని ఆమెకి అనుమానమే లేకపోయింది.

ఆ నెలలోనే తాతయ్య ఒకరోజు గాజు తప్పు కోశాడు. పది అంగుళాలు కోయాల్సింది తొమ్మిది కోశాడు. ముక్కని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"గీత పక్కన ఇంకో గీత కనపడుతోంది చిట్టీ. ఏది అసలుదో తెలియట్లేదు."

"కోతలన్నీ నేను కోస్తాగా తాతయ్యా."

"కోతలు కాదే. ముందు కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడి, ఏ ఫోటోకి ఏ కర్ర బాగుంటుందో చెప్పేవాళ్ళు కావాలి. వాళ్ళ మొహం నాకు మసగ్గా కనిపిస్తోంది, ఫోటోలో మొహమూ మసగ్గానే కనిపిస్తోంది. మొన్న ఒకావిడకి ఆవిడ ఫోటోనే చూపించి, మీ అత్తగారు బాగున్నారన్నాను." నవ్వబోయి మానుకున్నాడు. "సంవత్సరం ఆఖరుకి షట్టర్ దించేద్దాం. నువ్వు ముందుకి రానంటావు. నేను బలవంతపెట్టను."

ఆమె పట్టిక రాయగలదు, పన్నెండిళ్ళ గొడవ తీర్చగలదు. పద్నాలుగు అడుగుల గది దాటి ఆ స్టూల్ మీద కూర్చోవడానికి మాత్రం ఆమె దగ్గర ఏ లెక్కా లేదు. ఆ షాపు పోతే ఈ రంపం గదీ పోతుంది, ఈ కర్రల వాసనా పోతుంది. అది మాత్రం బాగా తెలుసు.

నెల తర్వాత రెండో కాగితం వచ్చింది.

పదకొండు.

"ఒక్కటంటే ఒక్కటి కూడా పెరగలేదేంటి మేడమ్? రెండు వేల ఏడు వందల అరవై నిమిషాలు కూర్చున్నా."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "మీ ఇంట్లో ఎండ ఎలా ఉంటుందన్నావు?"

"ఫ్రేములో."

"గాజు ఉందా?"

"ఉంది. నాలుగు మిల్లీమీటర్లు. తాతయ్య వేశారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "అదీ సంగతి. వెలుతురు గాజు దాటి వస్తుంది, వెచ్చదనం వస్తుంది. కానీ ఎండలో విటమిన్ తయారుచేసే కిరణం ఏదుందో, అది గాజు దాటి రాదు. నువ్వు నెల రోజులు ఎండ బొమ్మ ముందు కూర్చున్నావు." గుళికలు రాసి చేతికిచ్చింది. "వాదించకూడదన్నాను. గుర్తుందిగా?"

ఇంటికొస్తున్న రిక్షాలో ఆమె మనసు గుళికల మీద లేదు. పన్నెండు ఇళ్ళు, ఇరవై నాలుగేళ్ళు. అంతమందీ అదే గాజు ముందు కూర్చున్నారు కదా. రెండో అంతస్తు పిన్నిగారి మోకాళ్ళు, మాస్టారి నడుం, అమ్మ అరిచేతుల నొప్పులు.

ఆ ఆదివారం ల్యాబ్ నుంచి రక్తం తీసుకెళ్ళే కుర్రాణ్ణి పిలిపించి మెట్ల దగ్గర కూర్చోబెట్టింది. ఏడుగురు ముందుకొచ్చారు. ఎనిమిదో మనిషిగా మోత అత్తని లాక్కొచ్చింది.

"నాకెందుకే? నా రక్తంలో టీ తప్ప ఏముంటుంది?"

"చెయ్యి చాపత్తా."

అంకెలొచ్చాక అట్టముక్క వెనక వరసగా రాసింది. తొమ్మిది, పన్నెండు, పద్నాలుగు, ఎనిమిది, పదమూడు, పది, పదహారు. తన పదకొండు కూడా కలిపితే ఎనిమిది మందికి తొంభై మూడు. సగటున పదకొండున్నర దాటి కొంచెం.

మోత అత్తకి ముప్పై ఆరు.

ఆమె ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి, పట్టిక ముందుకెళ్ళి నిలబడింది. ఎవరి వంతూ లేని నిమిషాలు పట్టికలో ఒక్కచోటే ఉన్నాయి. ఒంటిగంటా ముప్పై ఆరుకి వెళ్ళి చూస్తే, మోత అత్త మూడో అంతస్తు మెట్ల మలుపులో కూర్చుని, మేకులు తిప్పి, గాజు సగం పక్కకి జరిపి, లోపలి దుమ్ము తుడుస్తోంది. మోచేతుల దాకా ఎండలో ఉన్నాయి చేతులు. మెడ మీద, చెంపల మీద ఎండ.

"రోజూ గాజు ఇలా జరుపుతావా అత్తా?"

"జరపకపోతే తుడిచేదెట్లా? మీ తాతే నేర్పాడు. ఏం, దొంగతనం చేసినట్టు చూస్తావేంటి?"

"నువ్వు రోజుకి ఇరవై నాలుగు నిమిషాలు ఎండలో ఉన్నావత్తా. మిగతా బిల్డింగంతా సున్నా."

సాయంత్రం అందరూ మెట్ల దగ్గర చేరారు. ఆమె మాస్కులోంచే చెప్పింది, అట్టముక్క చూపించింది. గాజు తీసేద్దామంది. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఇరవై నాలుగేళ్ళు చెక్కుచెదరలేదమ్మా," అన్నారు మాస్టారు చెయ్యెత్తి. "తుడవడానికి కాసేపు జరపడం వేరు. పూర్తిగా తీశాక కారిపోతే? గాలికి ఎగిరిపోతే? ఉన్న ఒక్క ముక్కా పోతే నా పేపరు దీపం కింద చదువుకోవాలి."

"మీ పేపరుకి దీపం చాలు మాస్టారూ, నా మోకాళ్ళకి చాలదు," అంది రెండో అంతస్తు పిన్నిగారు.

"మీ మోకాళ్ళు మెట్ల వల్ల పోయాయి."

"మెట్లు మీరెక్కట్లేదా? మీ నంబరెంతో చెప్పండి ముందు!"

మాస్టారు గొంతు తగ్గించారు. "ఎనిమిది."

ఎవరో కిసుక్కుమన్నారు. "జీవితంలో మీరెవరికీ ఇంత తక్కువ మార్కులు వెయ్యలేదు కదా మాస్టారూ," అంది మోత అత్త, అంతే, మెట్లన్నీ నవ్వాయి. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. "సరే, ఆయన వేశాడు గాజు, ఆయన్నే తియ్యమనండి. ఆయన సరేనంటే నాకూ సరే."

అందరూ తాతయ్య వైపు తిరిగారు. తాతయ్య అప్పటికే లేచి షాపులోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆయన ముందు బల్ల దగ్గర్నుంచి లేవలేదు. అరవై ఏళ్ళుగా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మాట ఒకటే, గాజు లేనిదే బొమ్మకి బతుకు లేదని. మూడో రోజు ఆమె టీ తీసుకెళ్ళి ఆయన పక్కన కింద కూర్చుంది.

"దాన్ని గోడ మీంచి తీసినప్పుడు వణికింది చిట్టీ," అన్నాడు ఆయన, గ్లాసు వంక చూస్తూ. "అరచేతిలో కోడిపిల్లని పట్టుకుంటే ఎలా వణుకుతుందో అలా. చుట్టూ అంత పెద్ద గోడలు లేచాయి, దానికి భయమెయ్యదా? అందుకే గాజు వేశా. అలవాటయ్యేదాకా కాస్త మాటుగా ఉంటుందని. తీద్దామనే అనుకున్నా. తర్వాత అందరూ ఫ్రేము బాగుందన్నారు. బాగుందంటే ఎవడు తీస్తాడు?"

"ఇప్పటికీ భయపడుతుందంటావా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. మసక కళ్ళతోనే చాలాసేపు ఆ మాస్కు వంక చూశాడు. "దాన్నే అడుగుదాం పద," అన్నాడు.

ఆ రోజు పన్నెండింటికి రంపం గదిలో పన్నెండిళ్ళవాళ్ళూ గుమ్మాల్లో, కిటికీల్లో నిలబడ్డారు. తాతయ్య ఫ్రేముని బోర్లించి, ఒక్కో మేకూ పటకారుతో లాగాడు. ఆయనకి మేకు కనపడనిచోట ఆమె చెయ్యి వేసింది. ఫ్రేము తిప్పి గాజు పైకి లేపారు.

ఎండ కదల్లేదు. మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆమె మనసులోనే లెక్కపెట్టింది. ఇరవై మూడు దాకా వచ్చేసరికి, నిద్ర లేచిన పిల్లిలా ఎండ ఒళ్ళు విరుచుకుంది. ఒక అంచు ఫ్రేము దాటి బల్ల మీదికి జారింది. బల్ల మీంచి తాతయ్య మోకాలెక్కి కాసేపు అక్కడ ఆగింది. అక్కణ్ణుంచి ఆమె చేతుల మీదికి వచ్చింది. ఆ వెచ్చదనం వేరు. చర్మం దగ్గర ఆగకుండా లోపలికి వెళ్ళే వెచ్చదనం.

సరిగ్గా పన్నెండూ నలభై ఆరుకి అది లేచి, గుమ్మంలోంచి బయటికి పోయి, మెట్లెక్కింది. పట్టిక ప్రకారం తర్వాతి వంతు ఐదో అంతస్తు వాళ్ళది.

"అయ్యో, నా వంతు!" అంటూ ఐదో అంతస్తావిడ దాని వెనకాలే పరుగెత్తింది.

అప్పట్నుంచీ ఎండ తనంతట తానే ఇల్లిల్లూ తిరుగుతోంది. పద్నాలుగేళ్ళు తనని తిప్పిన పట్టిక దానికి నోటికొచ్చు. మోత అత్త ముందు నడుస్తూ తలుపులు కొడుతుంది, అది వెనక వస్తుంది. తొమ్మిదీ ముప్పై ఆరుకి మాస్టారు కుర్చీ గుమ్మం దాకా జరుపుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, అది రెండు నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూపించి మందలిస్తున్నారు.

వాళ్ళతో పాటు లెక్కలమ్మాయి కూడా తిరగడం మొదలుపెట్టింది. ఎండ వేళ తప్పుతుందేమో చూడాలని చెప్పింది కానీ అది ఒక్కరోజూ తప్పలేదు. పొద్దున్నే ఆరు అంతస్తులు ఎక్కి దిగడం, మళ్ళీ సాయంత్రం ఎక్కి దిగడం. మొదటి వారం మూడో అంతస్తులో కూలబడిపోయేది.

"లేవే, ఎండ కన్నా నువ్వే ముందు అస్తమించేలా ఉన్నావు," అనేది మోత అత్త.

గుళికలు వారానికొకటి వేసుకుంది. పన్నెండింటికి కుర్తా చేతులు మడిచి రంపం గదిలో ఎండలో కూర్చుంది. మాస్కు మాత్రం తియ్యలేదు. గోడ మీది క్యాలెండర్‌లో తొంభై ఏడు తర్వాత లెక్క పెరుగుతూనే ఉంది. నూట అరవై రెండో రోజున ఎర్ర చుక్క పడింది. దాని తర్వాత నలభై మూడు రోజులకి ఒకటి. ఆ తర్వాత ముప్పై ఏడుకి ఇంకొకటి. తేడాలు తగ్గుతున్నాయని ఆమె పక్కన చిన్న బాణం గీసింది. అమ్మ ఆ బాణం చూసింది. ఆ రోజు స్కూలు నుంచి వచ్చేటప్పుడు కొత్త పెన్సిళ్ళ డబ్బా తెచ్చింది.

మూడో కాగితంలో ముప్పై మూడు ఉంది.

"దేని వల్ల పెరిగిందంటావు?" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "గుళికా, ఎండా, మెట్లా?"

"మూడింటినీ విడదీద్దామని చూశా మేడమ్. తేలట్లేదు."

"తేలకపోతే?"

"పోనీలెండి," అంది ఆమె. జీవితంలో ఒక లెక్కని తేల్చకుండా వదిలెయ్యడం అదే మొదలు.

"వెంట్రుకలు ఇప్పుడప్పుడే పోవు. దానికి మందు వేరే ఉంది, టైము పడుతుంది. నెలలు మళ్ళీ తప్పినా తప్పొచ్చు, బెంగ పెట్టుకోకూడదు. నువ్వు రోజులు లెక్కపెట్టడం మానకు, అది నాకు పనికొస్తుంది."

ఒక్క సంగతే పట్టికకి దొరక్కుండా మిగిలింది. గాజు లేదు కాబట్టి తుడిచే పని లేదు. ఒంటిగంటా ముప్పై ఆరు నుంచి రెండు దాకా ఆ ఇరవై నాలుగు నిమిషాలు ఎండకి ఖాళీ. మొదట్లో అది మెట్ల మలుపులో తన పాత గోడ మీదికి వెళ్ళి పడుకునేది. తర్వాతర్వాత కిందికి దిగడం మొదలుపెట్టింది. షాపులోకి వచ్చి, ముందు బల్ల వెనకున్న స్టూల్ మీద ఎక్కి కూర్చుంటోంది. అడుగున్నర స్టూల్, అడుగున్నర ఎండ. ఒకసారి కూర్చుంటే రెండయ్యేదాకా లేవదు.

"నా కళ్ళు మండిపోతున్నాయి," అని తాతయ్య ఆ వేళకి లేచి లోపలికొచ్చి, రంపం గది చివర మడత మంచం మీద నడుం వాలుస్తున్నాడు. ఆ ఇరవై నాలుగు నిమిషాలూ ముందు ఎవరూ ఉండరు. వచ్చినవాళ్ళు రెండుసార్లు పిలిచి వెళ్ళిపోతున్నారు. షట్టర్ దించేద్దామన్న సంవత్సరం ఆఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె మూల కోత కోస్తోంది. మంచం మీద తాతయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. షాపులో స్టూల్ మీద ఎండ తన వేళకి వచ్చి కూర్చుంది. తలుపు సందులోంచి చూస్తే, దాని పక్కన మనిషి కూర్చునేంత చోటు వదిలి కొంచెం ఒదిగినట్టు కనిపించింది. ముందెప్పుడూ అలా లేదు. స్టూల్ ఆ అంచు నుంచి ఈ అంచు దాకా తనే ఉండేది.

"ఎవరండీ లోపల?" వీధిలోంచి ఒక గొంతు. ఆడగొంతు, ఆయాసపడుతోంది, చాలా దూరం నుంచి ఏదో మోసుకొచ్చినట్టుంది. "ఫ్రేము కట్టేవాళ్ళు లేరా?"

ఆమె రంపం ఆపింది. తాతయ్య వైపు చూసింది.

"తాతయ్యా."

"నిద్రపోతున్నా," అన్నాడు తాతయ్య.

"నిద్రపోయేవాళ్ళు మాట్లాడరు."

"కలవరిస్తున్నా," అని అటు తిరిగి పడుకున్నాడు.

"లేరేమో పోదాం పదమ్మా," అంది బయటి గొంతు ఇంకెవరితోనో. "ఈ ఫోటో ఇలాగే పెట్టుకుందాం."

ఆమె చేతికున్న పొట్టు దులుపుకుంది. చెవి వెనక పెన్సిల్ ఉందో లేదో తడిమి చూసుకుంది. చెయ్యి అక్కడి నుంచి మాస్కు తాడు మీదికి వెళ్ళి, కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత తాడు తప్పించి, ఖాళీ ఫ్రేము తగిలించిన మేకుకి దాన్ని తగిలించింది. గడ్డానికి గాలి తగిలింది, చల్లగా.

పన్నెండు, పదమూడు అని అడుగులు లెక్కపెట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. స్టూల్ మీద ఎండ ఇంకాస్త పక్కకి జరిగింది.

"ఉండండి, వస్తున్నా," అంటూ ఆమె గడప మీదికి కాలెత్తింది.